గోడమీద ఎండాకాలం

అదేంటన్నయ్యా, వచ్చినప్పట్నించీ ఆ గోడకేసే చూస్తున్నారు? ముందు రొట్టె తుంచండి. గోడ ఎక్కడికీ పోదు. పోయేవాళ్ళు ఎలాగూ పోయారుగా!

ఆఁ, ఎండాకాలం పళ్ళేలే అవి. నీలంరంగువి. బయట తొలి మంచు పడింది, మా ఇంట్లో ఇంకా దింపలేదు. అయితే ఏంటట? పేటకి పెద్దమనిషి మీరు, టోపీ సర్దుకుని ఆ మాట చెప్పడానికే వచ్చారా? పక్కింటి బర్నో రోజూ ప్రహరీ మీంచి మెడ చాచి చెప్తూనే ఉంది లెండి. "హదీచ వదినా, మీ ఇంట్లో ఇంకా ఖర్బూజాల రోజులేనా?" అని. దాని నాలుకకి మంచు పట్టా!

దానికోసం కాదా? నాకు తెలుసు దేనికోసమో. కోకంద్ నించి మా వియ్యపురాలు మస్తూరా కబురంపిందా, లేక నా కొడుకు ఇల్యోస్ మీ గుమ్మంలో కూచుని ముక్కు చీదాడా?

వాడేనా? అనుకున్నా. చక్రం మీద మట్టిని నిలబెట్టడం వచ్చు గానీ, తన మాట మీద తను నిలబడ్డం రాదు వాడికి. అచ్చం వాళ్ళ నాన్న.

సరే, వినండి. ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయినా మీరే కదా సర్దిచెప్పేది. రెండువైపులా విని తీర్పు చెప్పాలి మరి. నా కోడలు దిల్రబో ఎందుకు వెళ్ళిపోయిందో కుండ బద్దలు కొట్టినట్టు చెప్తాను. కుండల వల్లే వెళ్ళిపోయింది.

నవ్వకండి. ఏడ్చేవాళ్ళని చూసి నవ్వడం పెద్దరికం కాదు.

మనది రిష్టాన్ అన్నయ్యా. ఇక్కడి పిల్లలకి పాల రుచి తర్వాత తెలిసేది మట్టి రుచే. ఏ గడప తొక్కినా వెనక బట్టీ పొగ. మా ఆయన బతికినన్నాళ్ళూ చేసినవి పళ్ళేలే కదా, ఒక్కటంటే ఒక్కటి గోడకి తగిలించాడా? "పలావు మొయ్యని పళ్ళెం ఎందుకే? పెళ్ళికాని మేనత్తలాగా గోడకి చేరబడి వచ్చేపోయేవాళ్ళకి వంకలు పెడుతుంది" అనేవాడు. మీకూ తెలుసుగా ఆ నోరు.

అలాంటి కొంపకి కోకంద్ నించి కోడలొచ్చింది. పెట్టె దించిందో లేదో, గూళ్ళు చూసింది. "అత్తయ్యా, ఇన్ని గూళ్ళుండి ఖాళీగా పెట్టుకున్నారేంటి?" అంది. ఖాళీగా ఎక్కడే? ఒకదాంట్లో నా తలనొప్పి మాత్రలు, ఒకదాంట్లో సూదీ దారం, ఒకదాంట్లో పిల్లి పడుకునేది! పాపం ఆ పిల్లి ఇప్పుడు మీ ఇంటికొస్తోందట కదా? రాదు మరి?

నవ్‌రోజ్ వచ్చింది, వసంతం పండగ. గూళ్ళకి సున్నం కొట్టింది. పచ్చ గిన్నెలు పేర్చింది. వాటి నిండా మొలకెత్తిన గోధుమలు. మధ్యలో గొర్రెపోతుల్లా, రెండు తలల గుర్రాల్లా చేసిన మట్టి ఈలలు. వచ్చినవాళ్ళు నాకు సలాం చెప్పడం మానేసి గొర్రెపోతుల్ని ఊదడం మొదలెట్టారన్నయ్యా! ముసలిదాన్ని గుమ్మంలో నిలబడి ఉన్నాను, ఒక్కళ్ళు చూడరే!

ఎండలు ముదిరాయి. పచ్చవి దిగాయి, నీలాలు ఎక్కాయి. ఇదిగో, ఇవే. ఎందుకే తల్లీ అంటే, "నీలం చూస్తుంటే గది చల్లబడినట్టుంటుంది అత్తయ్యా" అంది. అయితే ఫ్రిజ్ అమ్మేద్దామా అన్నాను. నవ్వింది.

అదిగో, అదే నా ఖర్మ! ఎదురు చెప్పే కోడలితో కాపరం చెయ్యచ్చు. నవ్వే కోడలితో ఎలా చేస్తాం? అన్న మాట గోడకి కొట్టిన బంతిలా తిరిగి రావాలా వద్దా? దీనికి ఎంతన్నా తిరిగి రాదు. నేనన్న మాటలన్నీ నా దగ్గరే మిగిలిపోయేవి.

ఇలా కూచోండి, చలిగాలి తగుల్తోంది.

ఆకులు రాలే రోజులొస్తే నీలాలు దిగేవి, గోధుమరంగువి ఎక్కేవి. వాటినిండా దానిమ్మలు, పసుపుపచ్చ క్విన్సు పళ్ళు. ఇల్లంతా ఘుమఘుమ. ఒకటి చేతిలోకి తీసుకున్నానో లేదో, "అయ్యో, అవి చూడ్డానికి అత్తయ్యా!" నా చెట్టు, నా పండు, నా పళ్ళు. తినడానికి లేదు! ఉన్న నాలుగు పళ్ళూ ఊడేలోగా తిందామంటే పళ్ళేమో కొలువు తీరి కూచున్నాయి.

ఇక చలికాలం వస్తే పైనున్నవన్నీ కిందికి. నేలకి దగ్గరగా ఉన్న గూళ్ళలో, కుంపటిబల్ల చుట్టూ. లోతు గిన్నెలు, ఎర్రంచువి. అదేం చోద్యమే అన్నాను. "చలికాలం అందరం కుంపటిబల్ల కింద కాళ్ళు కాచుకుంటూ నేలమీదే కూచుంటాం కదత్తయ్యా. మన కళ్ళెక్కడుంటే గిన్నెలూ అక్కడే ఉండాలి" అంది.

చూశారా? కళ్ళెక్కడుంటే గిన్నెలక్కడ! మన ముత్తాతలు గడ్డికోసం కొండలెక్కీ దిగీ తిరిగారు, వెనక గొర్రెలు. మా ఇంట్లో గిన్నెలు వలసపోతాయి, వెనక గుడ్డ పట్టుకుని అత్తగారు!

పగలగొట్టిందా అంటారా? ఒక్కటి లేదు. ఉన్నమాట చెప్పాలి కదా. ఇన్ని ఎక్కించీ దించీ ఒక్క పెచ్చు ఊడగొట్టలేదు. పగిలినవన్నీ నా చేతిలోవే. అయినా అవి అడుగోటివే లెండి. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిందే కొత్త కుండ, తెలీందేముంది!

ఆఁ, అసలు సంగతికి వస్తున్నా. తొందరపెట్టకండి, మీకు ఇంట్లో ఏం పనుందని?

మొన్న ఎండాకాలం చివర్లో మస్తూరా వచ్చింది. కూతుర్ని చూసిపోవడానికి. కోకంద్ వాళ్ళ సంగతి మీకు చెప్పాలా, హల్వా తిని తిని మాట కూడా పాకంలో ముంచి గానీ వదలరు. "వదినగారూ, మీ ఇల్లు గులాబీతోటలా ఉంది" అంది. గులాబీతోట! దాని కూతురు నాటిన తోట అని కదా దానర్థం?

చాయ్ పెట్టింది దిల్రబో. తినడానికి పరిచిన దుప్పటి మీద చూస్తే నా చాయ్ పియాలాలు లేవు. నా పెళ్ళినాటివి, మా ఆయన చేత్తో చేసినవి, దళసరిగా, పెద్ద కడుపుతో ఉండేవి. ఏవీ అని చూస్తే పై గూట్లో కూచున్నాయి! కడిగి, తుడిచి, వరసగా. "వాడితే పోతాయి అత్తయ్యా, మామయ్య చేతివి కదా" అని చెవిలో చెప్పింది. కింద ఇల్యోస్ చేసిన కొత్తవి పెట్టింది. పల్చగా, చిన్నగా, పిట్టగుడ్డు డిప్పల్లా.

నేనేమన్నా అన్నానా? అనలేదు. వియ్యపురాలి ముందు అంటానా?

చాయ్ కూజా తీసుకున్నాను. ఈ చేతికి ఎన్నేళ్ళ అలవాటన్నయ్యా! కళ్ళు మూసుకుని పోసినా సరిగ్గా సగానికి ఆగుతుంది. కానీ దానికి తెలిసిన కొలత పాత పియాలాలది కదా? నా కళ్ళేమో పై గూట్లో ఉన్నాయి. నా సొంత పియాలాలు చుట్టాల్లాగా పైన కూచుని నన్ను చూస్తున్నాయి. చెయ్యి దానంతట అది వంగింది, దానంతట అది లేచింది.

కళ్ళు దించి చూస్తే, మస్తూరా ముందు చాయ్ అంచుదాకా ఉంది. అంచుదాకానా? అంచు పైన ఉబ్బి నిలబడింది!

మీ మొహం చూస్తేనే తెలుస్తోంది. అవును. సగం పోస్తే 'ఉండు, మళ్ళీ పోస్తాను' అని. నిండా పోస్తే 'తాగి బయల్దేరు' అని. మన ఫెర్గానాలో గోచీ పెట్టుకున్న పిల్లాడికి కూడా తెలుసు.

మస్తూరా పియాలా చూసింది. నన్ను చూసింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, "రహ్మత్, చాలా సంతోషం వదినగారూ, కడుపు నిండింది" అంది. ఒక్క చుక్క ముట్టలేదు. లేచింది.

దిల్రబో ఖర్బూజా ముక్కలు పట్టుకుని గుమ్మంలో ఉంది. నన్ను చూసింది. ఆ ఒక్కసారీ నవ్వలేదన్నయ్యా.

ఏంటీ? పొరపాటని ఒక్క మాట అంటే సరిపోయేదా? అబ్బో, ఎంత తేలిగ్గా చెప్పారు! ఎలా అనను? నా ఇంట్లో నా పియాలా కొలత నాకు తెలీదని వియ్యపురాలి ముందు ఒప్పుకోనా? ఇంక నేను ఈ ఇంటికి ఏమవుతాను? పనిమనిషినా? బింకంగా కూచున్నాను. తల్లీకూతుళ్ళిద్దరూ తలగుడ్డలు సర్దుకుని, చెప్పులేసుకుని, వెళ్ళిపోయేదాకా కూచున్నాను. కుమ్మరికి ఏడాది, గుదెకి ఒక పెట్టు. ఊరికే అన్నారా?

అదీ సంగతి. తీర్పు చెప్పండి.

ఆ గోడ... అడిగారు కాబట్టి చెప్తున్నా. దించుదామనే పీట ఎక్కాను, ఆకులు రాలేటప్పుడు. అత్త మీద కోపం దుత్త మీద అంటారు కదా, కోడళ్ళకేనా కోపాలు? నేను మాత్రం కోడలి మీద కోపం దుత్తల మీద తీర్చుకోకూడదా? ఒక పళ్ళెం పీకి నేలకేసి కొడదామనుకున్నా. చేతిలోకి తీసుకున్నా. మళ్ళీ మేకుకి తగిలించా. మోకాళ్ళ నొప్పి, ఇంకేం లేదు.

గోధుమరంగువి గూళ్ళలో పేర్చి చూశాను. దిక్కుమాలిన సంత కొట్టులా వచ్చింది. బర్నో చూసి, "అమ్మకానికా వదినా?" అంది. క్విన్సు పళ్ళు గిన్నెలో పెట్టాను, వారం తిరిగేసరికి అడుగున కుళ్ళిపోయాయి. అది రోజూ పొద్దున్నే ఒక్కోదాన్నీ కాస్త తిప్పి పెట్టేదట. ఇల్యోస్ చెప్పాడు. నాకేం తెలుసు? నేను లేచేసరికే ఆ పనులన్నీ అయిపోయేవి.

వాడా? వాడు గోడకేసి తిరిగి తింటాడు. నీలంరంగు ముట్టుకోవడం మానేశాడు. రోజంతా పూలకుండీలు చేస్తున్నాడు. రంగులేని పూలకుండీలు! ఈ మంచులో ఎవడు కొంటాడు?

నేనా? నేను వెళ్ళాలా?

అన్నయ్యా, మీ తెల్లగడ్డం చూసి ఊరుకుంటున్నా. అత్తగారు రొట్టెల మూట కట్టుకుని కోడలి పుట్టింటి తలుపు తట్టడమా? అదే వస్తుంది. ఎంతకాలం ఉంటుంది? వాళ్ళ అన్నా, వదినా, పిల్లలూ, అక్కడ కాలు చాపడానికి చోటుందా? చలి ముదిరేలోగా తనే వచ్చి, చెప్పులు విప్పుకుని, ఏమీ జరగనట్టు ఈ నీలాలు దింపుతుంది. అందుకే ఉంచాను. దాని పని దానికే ఉంచాను. అలిగినదానికి వచ్చాక చెయ్యడానికి ఒక పనుంటే మొహమాటం తగ్గుతుంది.

ఏమన్నారు?

మీరు కోకంద్ వెళ్ళొచ్చారా? ఎప్పుడు? నాకు చెప్పకుండానే? ఎలా ఉంది? చిక్కిందా? ఏం పెట్టింది తినడానికి? సరే సరే, ఒక్కొక్కటే చెప్పండి.

ఏ గదిలో కూచోబెట్టింది? గూళ్ళున్నాయా ఆ గదిలో? సర్దిందా? అక్కడా సర్దిందా! ఏం పెట్టింది?

సరిగ్గా గుర్తు తెచ్చుకోండి. పైన గోడకి తగిలించిందా, కింద గూళ్ళలోనా? మీరు కుంపటిబల్ల దగ్గర కూచుంటే మీ కళ్ళకి సరిగ్గా ఎదురుగా ఉన్నాయా?

లోతు గిన్నెలేనా?

అయితే అది అలక కాదన్నయ్యా. అలిగి పోయినది మూట కూడా విప్పదు, చెవి గుమ్మం వైపే పెట్టుకుని కూచుంటుంది. నేనూ ఒకప్పుడు అలిగి పోయినదాన్నే, నాకు తెలీదా? ఇది చలికాలం సర్దేసింది. తను ఉండబోని ఇంట్లో ఎవరన్నా చలికాలం సర్దుతారా?

నా కోడలు వేరేవాళ్ళ కళ్ళెదురుగా గిన్నెలు పెడుతోంది. నా కళ్ళెదురుగా పెట్టాల్సినవి.

ఏడవట్లేదు. పొగ. ఆ పూలకుండీల బట్టీ పొగ.

సరే, ఏడుస్తున్నా. నాకదంటే ప్రాణమన్నయ్యా. చెప్పేశాను, చాలా? అది లేని ఇంట్లో తిట్టడానికి కూడా నోరు రావట్లేదు. ఎవర్ని తిట్టను, ఇల్యోస్‌నా? వాడు వినడు. గోడనా?

మీ బండి బయటుందా? చల్లారనివ్వకండి ఇంజను. రొట్టెలు పొద్దున కాల్చినవే, జంటగా మూట కడతాను. నా శాలువా అందుకోండి. ఇల్యోస్‌ని పిలవకండి. వాడొస్తే గుమ్మంలోనే ఏడుపు మొదలెడతాడు, నా వంతు రాదు.

మస్తూరా ఊరుకుంటుందా? ఊరుకోదు. పాకంలో ముంచిన నవ్వొకటి నవ్వుతుంది. పియాలా తెచ్చి నా ముందు పెడుతుంది, అంచుదాకా పోస్తుంది. కోకంద్ వాళ్ళు అప్పు ఉంచుకోరు.

పొయ్యనివ్వండి. తాగుతాను. నోరు కాలినా సరే, ఒక్క చుక్క మిగల్చను. తాగి, లేవను. పియాలా ముందుకి జరిపి మళ్ళీ పొయ్యమంటాను. కోకంద్ ఊళ్ళో చాయ్ ఆకు అయిపోవాలి, నా కోడలు నా పక్కన చెప్పులేసుకుని నిలబడాలి. అప్పటిదాకా లేవను.