చివరి మడి దగ్గర తనూజ గారు

పందొమ్మిది వందల తొంభై అయిదవ సంవత్సరం జూన్ మాసం పన్నెండవ తేదీన, కన్నడనాట ఎమ్మిగనూరు దాటాక కాలువ గట్టునున్న ఒక తెలుగు మాధ్యమ ఉన్నత పాఠశాలలో శ్రీమతి తనూజ గారు విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించారు. కోస్తా నుంచి వలస వచ్చి, కాలువ కింద వరి పండించుకుంటూ స్థిరపడిన కుటుంబంలో జన్మించినవారు గనుక, ఏ పొలానికి నీరు ముందు పారుతుందో, ఏ పొలం చివరిదాకా ఎదురుచూస్తుందో వారికి ఒకరు చెప్పనక్కరలేకపోయింది. అంత తెలిసి ఉండటమే తనకు అడ్డువచ్చిందని వారు నేటికీ అంటారు.

పుస్తకంలోని విద్య పిల్లల చేతికి అందాలన్నది వారి పట్టుదల. ఆ పట్టుదలతోనే పాఠశాల ఆవరణలో నీళ్ళతొట్టి నుంచి ఒక పిల్లకాలువ తవ్వించి, దాని పొడవునా చిన్న చిన్న మడులు కట్టించారు. పిల్లలు నీటి వేగాన్ని బిందెతో కొలిచి లెక్కలు నేర్చుకున్నారు, నేల ఎంత పీల్చుకుంటుందో చూసి విజ్ఞానం నేర్చుకున్నారు, కాలువ పటం గీసి సాంఘికం నేర్చుకున్నారు. తెలుగు పండితులు పక్కీరప్ప గారు సైతం పంచె ఎగగట్టి, బురదలో నిలబడే వ్యాసరచన చెప్పేవారు. వరండా నిండా బురద అడుగులేనని ప్రధానోపాధ్యాయులు సణిగినా ఎవరూ చెవిన పెట్టలేదు. అయితే తనూజ గారికి ఒక కఠిన నియమం ఉండేది. పిల్లలు తమంతట తామే కనుక్కోవాలి, అంతవరకు గురువు నోరు మెదపరాదు.

ఈ వీడ్కోలు సంచిక కోసం వారి ఘనకార్యాలను చెప్పమని అడుగగా, "రాస్తే అంబిక సంగతి రాయండి, లేదంటే ఏమీ వద్దు" అన్నారు. వారి మాట కాదనలేక రాస్తున్నాము.

ఆ ఏడు తొమ్మిదవ తరగతికి మడులు పంచుకొమ్మన్నారే గాని, ఎవరికి ఏది అని తనూజ గారు చెప్పలేదు. పెద్ద రైతుల పిల్లలు నేరుగా తొట్టి దగ్గరికి నడిచారు. కాలువ చివరి గ్రామం నుంచి వచ్చే పిల్లలు ఎవరూ తోలకుండానే కిందికి పోయి, తలవంచుకొని నిలబడ్డారు. అట్టడుగు మడి అంబికది. కూలి చేసుకొనే సిద్ధమ్మ కూతురామె, మాటకారి, లెక్కల్లో దిట్ట. పైవాళ్ళ మడులు నిండి పొర్లుతుంటే అంబిక నారు పసుపు పచ్చబడింది. తనూజ గారు రోజూ చూశారు. మడవ తిప్పి నీళ్ళు అటు మళ్ళించాలని చేయి లేచేది, నియమం గుర్తొచ్చి దిగిపోయేది. ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే తరగతి అంతా తనంతట తానే తెలుసుకుంటుందని వారి ఆశ.

పిల్లలు తెలుసుకున్నారు కూడాను. నారు ఎండిపోయాక, నీటి పంపకంలోని అన్యాయం గురించి అందరూ చక్కని వ్యాసాలు రాశారు. పై మడుల పిల్లలవే అన్నిటికన్నా మెరుగ్గా ఉండగా, వాటికే మంచి మార్కులు పడ్డాయి. అంబిక తెల్లకాగితం ఇచ్చి వెళ్ళింది. మరుసటి వారం నుంచి బడికి రాలేదు.

తనూజ గారు వాళ్ళింటికి వెళ్ళారు. సిద్ధమ్మ కూర్చోమని చాప వేసి, నిదానంగానే చెప్పింది.

"ఇంటికాడ దినామూ సూసేదే గదా మేడం. మళ్ళా ఇస్కూల్లో గూడా అదే సూసేకి పంపల్లా? కలుపు కూలికన్నా పోతే నాలుగు దుడ్లొస్తాయి."

అంబిక గోడవారన నిలబడి ఉంది.

అటు తరువాత వారు బండ్రి పాఠశాలకు, అక్కడి నుంచి సండూరులోని మా పాఠశాలకు బదిలీ అయి వచ్చారు. ఇక్కడ కిటికీ చట్రాల మీద పేరుకున్న గనుల ధూళిలోంచి పిల్లల చేత అయస్కాంతంతో ఇనుప రజను తీయించి, తూకం వేయించి, రేఖాచిత్రాలు గీయించి, ఖనిజం లారీలకు టార్పాలిన్ పట్టాలు కప్పించమని కన్నడంలోనూ తెలుగులోనూ అర్జీలు రాయించారు. ఏ పరికరమైనా చివరి బెంచీ వారి చేతికే ముందు అందాలన్నది వారి కొత్త నియమం. తప్పు దిద్దుకున్నాననే వారు నమ్మారు. జిల్లా సభలో కప్పిన శాలువాను మాత్రం ఇంటికి తీసుకుపోక, ఉపాధ్యాయుల గదిలోనే వదిలేశారు.

ఏటా జూన్‌లో, బడి తెరిచే ముందు, వారు అంబిక ఇంటికి వెళ్ళి వచ్చేవారు. పెళ్ళయి, పిల్లలు పుట్టి, అంబిక అదే ఊళ్ళో కూలికి పోతోంది. మంచినీళ్ళిచ్చి మర్యాద చేసేది గాని, ఆ మడి ఊసు ఎన్నడూ ఎత్తేది కాదు. పదవీ విరమణ దగ్గర పడిందని ఈ ఏడు తనూజ గారు మే నెలలోనే వెళ్ళి, నీళ్ళు సమంగా పారించి ఉంటే నువ్వు చదువుకొని ఉండేదానివి గదా అని తామే కదిపారు. అంబిక అన్నది:

"నీళ్ళు రాకపోవడం మాకు కొత్తేం కాదు మేడం. మీరు దినామూ పక్కన నిలబడి సూస్తాంటిరి. 'ఏంది పిల్లా, నీ మడికి నీళ్ళు రాలేదా' అని ఒక్క మాట అడిగింటే సాలు. నేను ఇస్కూలు ఇడిసేదాన్ని కాదు."

తనూజ గారు, "ఇప్పుడు అడుగుతున్నానమ్మా" అన్నారు.

"ఇప్పుడొద్దులే మేడం, ఆటో వచ్చిండాది" అని అంబిక సద్దిమూట తీసుకొని కూలికి వెళ్ళిపోయింది.

ఈ నెలాఖరున తనూజ గారు విధుల నుంచి విరమిస్తున్నారు. వారి స్థానంలోకి ఇంతవరకు ఎవరినీ నియమించలేదు. వారు పెంచిన ప్రయోగాల గదిని పాత బెంచీలు పెట్టుకోవడానికి కేటాయించారని చెప్పడానికి మాకు బాధగా ఉంది. ఇంతమంది పిల్లల చేతులకు పని నేర్పిన సహోద్యోగినికి, వారి కుటుంబానికి సకల శుభాలు కలగాలని ప్రార్థిస్తున్నాము. వారు ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు జీవించాలని, వచ్చే జూన్‌లోనూ ఎమ్మిగనూరు బస్సెక్కి అంబిక గుమ్మం దాకా నడవగలిగే సత్తువ ఆ మోకాళ్ళకు ఉండాలని కోరుకుంటున్నాము.