మీ మైకులో మీ చెల్లి

హలో… ఆ, నేనే వదినా. స్టూడియోలోనే ఉన్నాను, చెప్పండి.

… లేదు, ఇంకా పంపలేదు. ఆడియో కంపెనీ ఆయన నాలుగింటికి వస్తానన్నాడు. టైముంది.

… అయిపోయినట్టే. డ్రమ్స్ కుదిరాయి. రెండో చరణంలో వయొలిన్లు మరీ మీద పడిపోతున్నాయి, ఫేడర్ కిందకి లాగి, శబ్దం తగ్గించి కూర్చోబెట్టాను. ఫ్లూటుకి వంక పెట్టక్కర్లేదు. గొంతుల దగ్గరే…

ఆ. గొంతుల దగ్గరే ఆగాను.

… వారం కాదు, తొమ్మిది రోజులు. రోజూ పొద్దున అన్నీ సున్నాకి దించేస్తాను, ఒక్కొక్కటీ పైకి తెస్తాను. సన్నగా పెట్టి, తలుపవతల నిలబడి వింటాను. బాగుందనుకుంటాను. మర్నాడు వింటే ఎక్కడో ఒక పక్కకి ఒరిగిపోయి ఉంటుంది.

… అయ్యో, మీ పాడటంలో ఏమీ లేదు. మీరు బ్రహ్మాండంగా పాడారు.

… చేశాను వదినా. మీరు చెప్పినట్టే చేశాను. మీ చెల్లి ట్రాకు తీసేయమన్నారు, తీసేశాను. మొదటిరోజే మ్యూట్ నొక్కేశాను. కట్టుకున్నదాని గొంతు నా చేత్తో ఆపేశాను, అది వేరే సంగతి.

… కోపమా? వచ్చింది. అబద్ధమెందుకు. పదిహేనేళ్లు మీ వెనకాల పాడిన మనిషి, పోయి నెల తిరిగిందో లేదో, ఆఖరి పాటలో కూడా ఉండకూడదా అనుకున్నాను. "వచ్చే నెల స్టేజీ మీద ఒక్కదాన్నే పాడాలి, జనానికి నా గొంతే అలవాటవ్వాలి" అన్నారు కదా… ఆ పూట నాకు అన్నం సయించలేదు.

… ఉండండి. దెప్పడానికి చెప్పట్లేదు. ఇంకో సంగతి ఉంది. ఎక్కడున్నారు మీరు? … వంటింట్లోనా. స్టవ్ కట్టేసి కాస్త కూర్చోండి.

… కూర్చున్నారా?

తన ట్రాకు ఆపేశాక కూడా తను వినపడుతోంది.

…

మీరలా అంటారని తెలుసు. నేనూ అలాగే అనుకున్నాను. నిద్ర లేదు, చెవులు పాడయ్యాయి అనుకున్నాను. ఇంట్లో ఎలాగూ వినపడుతూనే ఉంది కదా.

… ఎలా అంటే… గిన్నెలు తోముకుంటుంటాను. కుళాయి చప్పుడు వెనకాల సన్నగా కూనిరాగం. కుళాయి కట్టేస్తే ఏమీ ఉండదు. తిప్పితే మళ్లీ. పెద్దగా కాదు వదినా. ఇన్నేళ్లూ మీ పాటల్లో తన గొంతు నేను ఎంతలో పెట్టానో, సరిగ్గా అంతే. విడిగా ఎవరికీ వినపడకూడదు, లేకపోతే మాత్రం ఏదో పోయిందని తెలియాలి… అలా పెట్టేవాణ్ణి కదా. ఇంట్లో కూడా అంతకంటే పెరగట్లేదు. పెంచుదామంటే అక్కడ ఫేడర్ ఏదీ?

… ఇంట్లో భయం వేయలేదు. ఇక్కడ వేసింది. అన్నీ ఆపేసి మీ గొంతొక్కటే పెట్టాను. పట్టపగలు. పక్క గదిలో ఎవరో గిటారు శ్రుతి చేసుకుంటున్నారు. పల్లవి రెండో లైను దగ్గర, మీ వెనకాల… తను. హెడ్‌ఫోన్స్ బల్ల మీద పడేసి, వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. వాచ్‌మన్ వచ్చి మంచినీళ్లిచ్చాడు.

… దయ్యమూ కాదు, పిచ్చీ కాదు. కాసేపటికి బుర్ర పనిచేసింది. ఆ రోజు రికార్డింగు గుర్తుందా? ఎప్పుడూ తను అద్దాల గదిలో విడిగా నిలబడి పాడేది. ఆ రోజు మీరు పట్టుబట్టారు, చెల్లిని ముద్దుగా పిలిచే పేరుతోనే, "పిచ్చుక నా పక్కనే కూర్చుంటుంది" అని. కుర్చీ వేయించారు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఒకరి గొంతు ఒకరి మైకులో పడుతుంది, తర్వాత విడదీయాలంటే మా తాత దిగిరావాలని…

… ఆ, అదే. మీ మైకులో తన గొంతు పడింది. మీ ప్రతి మాట వెనకాలా ఉంది. తన ట్రాకు ఆపేయగలను గానీ, మీ గొంతులోంచి తనని లాగలేను. తీయాలంటే మిమ్మల్నీ తీసేయాలి.

… మళ్లీ పాడతారా? … ఇవాళేనా? … వద్దు. ముందు నేను చెప్పేది వినండి.

మీ మైకు ట్రాకంతా విన్నాను. పాట లేని చోట్లు కూడా. మామూలుగా అవి మేం వినం, కోసి పారేస్తాం. ఈసారి బాగా పెంచి విన్నాను. రెండు చరణాల మధ్య వయొలిన్లు వాయిస్తుంటే మీరిద్దరూ ఊరికే కూర్చుంటారు చూడండి, అక్కడ…

… వదినా?

… వదినా, ఉన్నారా?

… అంటే మీకు తెలుసు. ఆ మాటలు అందులో ఉంటాయని తెలిసే తీసేయమన్నారు. స్టేజీ అనీ, జనమనీ, అదంతా…

… తన మైకులోనే పడి ఉంటాయనుకున్నారు. ట్రాకు పోతే వాటితో పాటు పోతాయనుకున్నారు. తను మీ వైపు తిరిగి మాట్లాడింది వదినా. మీ మైకులో పడ్డాయి.

… నేనే చెప్పాలా? సరే. గుసగుసగా ఉంది. "ఆయనతో అనకే అక్కా. ఈ పాట అవ్వనీ. శనివారం ఆసుపత్రిలో చేరిపోతాను, ఒట్టు." తర్వాత మీరు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. అంతలో చరణం వచ్చేసింది. మీరిద్దరూ శ్రుతి తప్పకుండా అందుకున్నారు.

…

గురువారం పాడింది. శుక్రవారం పొద్దున స్నానాల గదిలో… తలుపు నేనే పగలగొట్టాను కదా.

… ఏడవకండి. … లేదు, చెప్పండి. వింటున్నాను.

… డాక్టరు ఏ రోజు చెప్పాడు? … మంగళవారం. … గుండె అనే చెప్పాడా? … ఆ రోజే చేరమన్నాడు. … మీరు ఆటో కూడా పిలిచారు, తను ఎక్కలేదు. … ఒట్టు వేయించుకుంది. … ఎవరి మీద?

… నా మీదా.

… అత్తయ్యగారికి తెలుసా? … అయితే చెప్పకండి. ఈ వయసులో ఆవిడకి అదొక్కటే తక్కువ.

… తిట్టాలా? తిట్టి ఏం చేస్తాను. పాదాలు వాచాయని నాకూ కనపడింది వదినా. చెప్పులు పట్టట్లేదంది. కొత్తవి కొనుక్కుందువులే అన్నాను. అంతకు మించి అడగలేదు.

… కాదు, ఆగండి. తప్పంతా మీదే అంటే నేనొప్పుకోను. ఆ ట్రాకులో ఇంకొకటి ఉంది. మీకు గుర్తుండకపోవచ్చు.

నా గొంతుంది. అద్దం ఇవతల నుంచి నేను అన్న మాటలు తన హెడ్‌ఫోన్స్‌లోంచి బయటికొచ్చి మీ మైకులో పడ్డాయి. రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు సన్నగా. "ఊపిరి చప్పుడు వస్తోంది, వెనక్కి జరుగు. మళ్లీ." ఏడుసార్లు "మళ్లీ" అన్నాను వదినా. ఆఖరిసారి విసుక్కున్నాను కూడా. అవతల మనిషికి ఊపిరాడట్లేదు, ఇవతల నేను…

దానికి తనేమందో తెలుసా మీకు? … మర్చిపోయారు. నవ్వింది. "ఆయనకి నా ఊపిరి అడ్డమొస్తోందట అక్కా" అంది.

…

…

ఆ… ఉన్నాను. ఒక్క నిమిషం.

… నీళ్లు తాగాను. ఇప్పుడు పర్లేదు.

నా పనే అది కదా. ఇన్నేళ్లూ తన గొంతులో ఊపిరి ఎక్కడ వినపడితే అక్కడ కత్తెర వేశాను. నా పని శుభ్రంగా ఉంటుందని అందరూ మెచ్చుకున్నారు. మొన్న ఇంట్లో పాత పాటలన్నీ ముందేసుకుని కూర్చున్నాను, ఎక్కడైనా ఒక్క ఊపిరి మిగిలిందేమోనని. లేదు. ఒక్కటీ వదల్లేదు నేను.

ఈ పాటలోనే ఉన్నాయి. ఇంకా కత్తెర పడలేదు కాబట్టి.

… లేదు, కొయ్యను. ఎవరేమన్నా అనుకోనీ.

… ఆ గుసగుసలా? అవి పాటలో ఉండవు. మన ఇంటి మాట ఊరందరికీ ఎందుకు. విడిగా తీసి దాచాను. మీరు అడిగితే ఇస్తాను, వద్దంటే నా దగ్గరే ఉంటాయి. … చెరిపేయమనకండి. అదొక్కటి మాత్రం అనకండి.

… సరే.

… ఇప్పుడేం చేశానా? పొద్దున తన ట్రాకు మళ్లీ తెరిచాను. మీ పక్కన పెట్టాను. వెనకాల కాదు, పక్కన. ఊపిరితో సహా. మీరు ఒప్పుకోరనే అనుకున్నాను. గొడవ పడదామని గట్టిగా నిశ్చయించుకునే మీ ఫోనెత్తాను.

… ఫోన్లోనా? ఫోన్లో ఏం తెలుస్తుంది, సగం శబ్దాలు మింగేస్తుంది. … సరే సరే. స్పీకరు దగ్గర పెడతాను. పల్లవి ఒక్కటే. వినండి.

…

…

విన్నారా? … అవును, తనే. … ఆ, అక్కడే ఊపిరి తీసుకుంది.

… పెంచాలా? ఏది, మీదా? … తనదా.

… ఇంకా పెంచితే మిమ్మల్ని దాటిపోతుంది వదినా. … మీ ఇష్టం. కొద్దిగా జరుపుతున్నాను. మళ్లీ పల్లవి నుంచి వేస్తున్నాను.

…

… ఇంకానా? పాట మీది. కవరు మీద బొమ్మ మీది. కంపెనీ ఆయన వచ్చి ఇదేం మిక్సింగయ్యా అని నా మీద ఎగురుతాడు. … మీరే మాట్లాడుకుంటానంటే నాకేం. … పెంచాను.

… ఇప్పుడా? ఇప్పుడు తను ముందుంది, మీరు వెనకాల ఉన్నారు. … వినపడుతున్నారు. సన్నగా.

… ఇంకా కిందకా?

… వదినా. ఇంకా దించితే మీరు పాటలో ఉండరు.

… తెలుసు. మీరేం అడుగుతున్నారో నాకు తెలుసు. కానీ దించను. పక్కన మీరు లేకపోతే తనకి శ్రుతి దొరకదు, చిన్నప్పట్నుంచీ అంతే అని మీరే చెప్పేవారు. ఇక్కడే ఉండండి. ఇంతకంటే కిందకి వెళ్లకండి.

… ఇలాగే పంపనా? … పేరు కూడానా? … తన పేరే ముందు. … రాసుకున్నాను.

… మొత్తం వింటారా? వేస్తాను. వయొలిన్ల దగ్గర బెదిరిపోకండి, అక్కడ మాటలేమీ లేవు, తీసేశాను.

… లేదు, మధ్యలో ఆపను. ఫోన్ స్పీకరు పక్కన పెడుతున్నాను. అయ్యేదాకా నేను మాట్లాడను. వినండి…