పాతాళం దాకా దిగిన రాడ్డు

హలో… ఆ, నేనే మేష్టారూ! మీ ఇంటి మీద సూర్యుణ్ణి కట్టేసి వెళ్లినవాణ్ణి…

ఆయాసమా? పరిగెత్తా లెండి… కొత్త కారు వచ్చేసిందంట కదా?… అబ్బో!… అమ్మాయిగారు కడుగుతున్నారా? నీళ్లతోనా?

ఛార్జింగ్ పెట్టేశారా?… ఇంకా లేదా… హమ్మయ్య. పెట్టకండి.

…సోలార్ ప్యానెళ్లకేం, అవి మా బావ బిగించాడు! గాలివానకి ఇల్లు కొట్టుకుపోయినా అవి మాత్రం అక్కడే గాల్లో నిలబడుంటాయి.

ఛార్జరు గురించండీ… గోడ పక్కన ఎర్త్ రాడ్డు దింపా కదా, లీకైన కరెంటు భూమిలోకి పోవడానికి… ఆ, అదే. పాతాళం దాకా దింపితే కింద ఎవరో ‘అబ్బా’ అన్నారని చెప్పా… పడీ పడీ నవ్వారు మీరు.

అది దిగలేదు మేష్టారూ.

…మూడడుగుల్లో రాయి తగిలింది. రాడ్డు ఎనిమిదడుగులు. బావేమో పైన డాబా మీదున్నాడు. మిగిలింది రంపంతో కోసేసి… మూత పెట్టేశా.

…నవ్వకండి! కథ కాదు… ఆవేళ చెప్పిన మొసలి కథా? అది అబద్ధం. మా తాత సముద్రం ఈదడమూ అబద్ధమే. ఇది మాత్రం—

ఏంటీ? అమ్మాయిగారు ప్లగ్గు పట్టుకున్నారా? ఆపండి! తడి చేతులు!… కారులో లీకైతే ఆ కరెంటుకి వేరే దారి లేదు, ముట్టుకున్న మనిషిలోంచే పోతుంది…

సరే, నా మాట నమ్మొద్దు. అమ్మాయిగారిని అవతల నిలబడమని, మీరు నీళ్ల ట్యాంకు వెనక చూడండి. గోనెసంచి కింద… నేనుంటా లైన్లో.

…

దొరికిందా?… కొలవండి… ఎంత?

…అయిదడుగులు. లెక్కల మేష్టారు మీరు. దానికి మూడు కలుపుకోండి.

…

మేష్టారూ?… తిట్టండి, పర్లేదు. ముందు కరెంటు ఆపెయ్యండి.

…ఛార్జరు పక్కన ఎర్ర మీట, కిందికి… దించేశారా? ఇంక దాన్ని ముట్టుకోకండి. దండాలండీ.

…లేదండీ, బావకి తెలీదు. నోరు నాది, చెయ్యి నీది అనుకునే మొదలెట్టాం ఈ పని. ఉన్న ఉద్యోగం మానేసి వచ్చాడు పాపం. మీదే మొదటి ఇల్లు…

చూడబోయాడండీ. రాడ్డుకి మీటరు పెట్టి కొలుస్తానంటే ‘నన్నే నమ్మవా బావా’ అన్నా… పెట్టలేదు.

…మీరు చెప్తారా?… వద్దులెండి. ఆ… అవును. నేనే చెప్పాలి.

ఇప్పుడే బావని తీసుకొస్తా. రాయి పక్కన మళ్లీ తవ్వుతాం… సరే, గేటు తియ్యాలో వద్దో మీ ఇష్టం. కానీ మేష్టారూ, ఆ ముక్క మాత్రం పారెయ్యకండి. అది కళ్లారా చూస్తేగానీ… నేనింత పని చేశానంటే వాడు నమ్మడు.

…హలో?

ఫోన్ పెట్టేశారు.