నేర్పినవారి పేరు

హలో… ఆ, నేనే అక్కా. ఎవరేమిటండీ, మీ తోడికోడల్ని. హాన్‌సాన్ నుంచి… అవును, బతికే ఉన్నా. బతికున్నా కాబట్టే ఫోను చేశా.

తిన్నారా?… చల్లటి నూడుల్సా? ఒట్టివేనా?… ముల్లంగి కిమ్చి లేకుండా గొంతు ఎలా దిగిందండీ. బూసాన్‌లో అంతేలే. ఊరు పెద్దది, కిమ్చి గిన్నె చిన్నది…

నేనా? బార్లీ అన్నం, ఎండుచేప… మెత్తటి ముక్కే. గట్టిది కొరకలేకపోతున్నా. ముందు పళ్ళు కదులుతున్నాయి… కిందివి, రెండూ.

వెళ్ళాను, మనవరాలు తీసుకెళ్ళింది. ఆ పళ్ళ డాక్టరు నా నోట్లో దీపం పెట్టి అటు చూసి ఇటు చూసి, "బామ్మగారూ, ఈ పళ్ళమీద రంపం పెట్టిందెవరు" అన్నాడు… అదే చెప్పా. రంపం కాదు నాయనా, మోసి మొక్క నార అని. అరవై ఏళ్ళు నార పంటితో కరిచి చీలిస్తే గాడి పడకుండా ఉంటుందా… సియోల్ నుంచి వచ్చిన కుర్రాడు, వాడికేం తెలుసు. పీకేద్దామన్నాడు. ఇరవయ్యో తారీఖు దాకా వాటి జోలికి రాకు అని బతిమాలుకుని వచ్చా.

ఎందుకంటే ఆ రోజు నాకు పరీక్ష…

పరీక్షే. నాకే. నవ్వండి నవ్వండి. అయ్యాక చెప్తా.

…

అయిందా?… ఇంకా ఉందా. సరే.

జిల్లా ఆఫీసువాళ్ళు చేతిపనులవాళ్ళకి గుర్తింపు పత్రం ఇస్తారు చూడండి… ఆ, గోడకి తగిలించుకునేదే. మగ్గం నేసేవాళ్ళకి ఎప్పట్నుంచో ఇస్తున్నారు. ఈసారి నార చీల్చేవాళ్ళకీ ఇస్తారట. ఇదే మొదలు…

కదా! నేనూ అదే అన్నా. ఇన్నాళ్ళూ గుడ్డ ఎంత సన్నగా ఉందో అని నేసినావిణ్ణి మెచ్చుకున్నారు. ఆ సన్నదనం ఎవరి పళ్ళలోంచి వచ్చిందో ఒక్కడన్నా అడిగాడా.

ఆహా, గోడకి తగిలించుకోడానికి కాదక్కా. నా గోడకి చోటెక్కడుంది, అంతా మనవల ఫొటోలేగా. పత్రం వస్తే మా ముందుగది బడి అవుతుంది. నేర్చుకునేవాళ్ళకి రెండేళ్ళు ఆఫీసే జీతం ఇస్తుంది… ఉన్నారు, ముగ్గురు ఉన్నారు. ఊరిపెద్ద కోడలు హుయెన్… వియత్నాం పిల్లే, మీరు చూళ్ళేదు. ఇంకా ఇద్దరు. జీతం లేకపోతే వాళ్ళు మాత్రం ఎంతకాలం కూర్చుంటారు? రేవు దగ్గర నాచు ఎండబెట్టే ఫ్యాక్టరీలో రమ్మంటున్నారు. వెళ్తే తప్పనను. పిల్లల తల్లులు.

మన ఊళ్ళో ఇంకెవరున్నారండీ. మీరు ఉన్నప్పుడు ఎండాకాలం రాత్రి ఒక్కో ఇంట్లో పదిమంది చేరి చీల్చేవాళ్ళం. ఇప్పుడు నేను, ఆ చెరువవతల ముసలావిడ. ఆవిడకి కళ్ళు పోయాయి. పళ్ళున్నాయి గానీ.

…

లేదు లేదు, మళ్ళీ ఏడాది కుదరదు. మూడేళ్ళకోసారి తీసుకుంటారట దరఖాస్తు. ఇవాళ సాయంత్రం ఆరింటితో ఆఖరు. ఇప్పుడెంతయింది మీ దగ్గర… మీ దగ్గర నాలుగున్నరైతే మా దగ్గరా అంతేగా, నేనో పిచ్చిదాన్ని.

మూడేళ్ళకి ఈ రెండు పళ్ళుంటాయా అక్కా?…

కట్టుడు పళ్ళతోనా? ప్లాస్టిక్కి ఏం తెలుస్తుందండీ. నార ఎక్కడ ఆపాలో పంటికి తెలియాలి, పన్ను పెదవికి చెప్పాలి. మీకు నేను చెప్పాలా.

అసలు సంగతి వినండి. దరఖాస్తంతా రాశా. నేనే, నా చేత్తో… పంచాయతీ హాల్లో అక్షరాలు నేర్పారుగా, డెబ్బయ్యేళ్ళప్పుడు. నా రాత కోడి గీరినట్టుందని ఊరిపెద్ద అన్నాడు గానీ, చదవగలిగాడు. అందులో ఒక గడి ఉంది. "నేర్పినవారి పేరు, పుట్టిన సంవత్సరం" అని.

నేను రాశా, హోంగ్‌సానమ్మ అని…

మన అత్తగారే. ఊరంతా ఆవిణ్ణి హోంగ్‌సాన్ నుంచి వచ్చిన కోడలనేగా పిలిచింది. నేనలాగే రాశా. పొద్దున ఆఫీసమ్మాయి ఫోను చేసింది. "బామ్మగారూ, హోంగ్‌సాన్ అనేది ఊరి పేరు కదండీ, మనిషి పేరు కావాలి" అంది. మనిషి పేరే తల్లీ, ఎనభై ఏళ్ళు ఆ పేరుతోనే బతికింది, ఆ పేరుతోనే పోయింది అన్నా. ఒప్పుకోలేదు. కంప్యూటరు ఒప్పుకోదట. ఈ మధ్య అందరూ కంప్యూటరుకే భయపడుతున్నారు, అత్తగారికి భయపడినట్టు…

చూశారు, పాత కుటుంబ పట్టీ తీసి చూశారు. అందులో ఏముందో తెలుసా? "బాక్ ఇంటిపేరు స్త్రీ." అంతే… అంతేనండీ. జపానువాళ్ళ కాలంలో పట్టీ రాసినవాడెవడో, ఆడదానికి పేరెందుకులే అనుకున్నాడు కాబోలు.

తద్దినంనాడు పేరు రాసి పెట్టే కాయితం గుర్తొచ్చి మా మరిదిని కూడా అడిగా. దానిమీదా "బాక్ ఇంటి ఆడపడుచు" అనే ఉంటుంది. ఏటేటా సూపు పోసి, బేరిపళ్ళు పెట్టి, సాష్టాంగాలు పడ్డాం. ఎవరికి పడుతున్నామో పేరు తెలీదు…

అందుకే మీకు చేశా. మీరు నాకంటే నాలుగేళ్ళ ముందు ఆ ఇంటికొచ్చారు. ఎవరన్నా ఎప్పుడన్నా పేరుపెట్టి పిలవగా విన్నారా? ఆవిడ పుట్టింటివాళ్ళు ఎవరైనా…

"చిన్నదీ" అనేవాళ్ళా… అది పేరెలా అవుతుందక్కా. నన్నూ మా అమ్మ అలాగే పిలిచేది.

మామగారా? ఆయన "ఇదిగో" అని కూడా అనేవాడు కాదు. దగ్గేవాడు. ఆవిడ వచ్చేది.

…

మరెలాగ ఇప్పుడు. ఆ పిల్ల ఆరింటికి తాళం వేసుకుపోతుంది.

ఆ?… ఏం రాశానా? రాశా, రెండు కాయితాలు. "ఎలా నేర్చుకున్నారు, వివరంగా" అని ఉంటే వివరంగానే రాశా. చదవనా?… కళ్ళజోడు… ఆ, ఉంది.

"నేను ఇరవై ఒకటో ఏట కోడలిగా వచ్చాను. మా అత్తగారు నాకు నార చీల్చడం నేర్పారు. మొదట తడినార కింది పెదవిమీద పెట్టి, ముందు పళ్ళతో కొన చీల్చి, నెమ్మదిగా లాగమన్నారు. పెదవులు పగిలి రక్తం వచ్చింది. అన్నం తినలేకపోయాను. అప్పుడు అత్తగారు నా పెదవులకి నువ్వులనూనె రాసి…"

ఏం నవ్వుతారు?…

ఎందుకండీ, బాగాలేదా రాత…

…

ఆ.

…

అవును. ఆ నూనె జాడీ మూతకి దారం కట్టేది కదూ. ముడివేసి. ఎవరన్నా విప్పితే తెలిసిపోవాలని…

కొత్త కోడలి మూతికి నూనె రాసే మనిషా ఆవిడ. సరే, నిజమే. అయితే మరి ఎవరు…

…

మీరే.

మీరే కదూ. ముడి విప్పి, వేలితో తీసి, మళ్ళీ అదే ముడి వేశారు. ఆవిడ వేసే ముడి ఎలాంటిదో నేర్చుకుని మరీ. వంటింటి వెనక, నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి. ఆ వేలు కట్టెపొగ కంపు. మీరు "నూనె నాకకు, నాకకు, నాకేశావంటే మళ్ళీ దొంగతనం చెయ్యను" అన్నారు…

ఎలా మర్చిపోయానండీ. మర్చిపోలేదు. అదేంటో, చెప్పేటప్పుడల్లా నోట్లోంచి అత్తగారనే వస్తుంది. మన కాలంలో అలాగే చెప్పాలిగా. వంట బాగుందంటే అత్తగారు నేర్పారు, బట్ట బాగుందంటే అత్తగారు నేర్పారు. ఇంకోలా అంటే తలపొగరనేవాళ్ళు. చెప్పీ చెప్పీ నేనే నమ్మేశా.

ఆవిడకి అప్పటికే ముందు పళ్ళు లేవు కూడానూ. ఎలా నేర్పుతుంది? గోడవైపు తిరిగి కూర్చుని, మనం చీల్చినవి కలిపి మోకాలిమీద పురి పెట్టేది. అదొక్కటే. పురి మాత్రం అద్దంలా ఉండేది, కాదనను.

అక్కా, ఇంకోటి. నేను ఎడమవైపు పంటితో చీలుస్తాను…

అదే! ఊళ్ళో అందరూ కుడివైపు. నేనొక్కదాన్ని ఎడమ. ఆ చెరువవతలావిడ ఎప్పుడూ ఎగతాళి చేసేది, ఎడమపంటిదానివి అని. ఇప్పుడు తెలుస్తోంది. మీకు కుడివైపు పన్ను సగం విరిగి ఉండేది… ఆ, బావిగట్టుమీద పడ్డప్పుడు. మీరు ఎడమతో చీల్చారు, నేను మీ మూతికేసి చూసి ఎడమతో మొదలెట్టా. అరవై ఏళ్ళుగా మీ విరిగిన పన్ను నా నోట్లో ఉందన్నమాట.

హుయెన్ కూడా ఎడమతోనే చీలుస్తుంది. దాని పళ్ళు ముత్యాల్లా ఉన్నాయి, దానికేం కర్మ.

…

నేర్పింది మీరని రాస్తే ఎందుకు వద్దు?

చేపల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు చేస్తే ఏం? చేతులు చేపకంపు కొడితే కొట్టాయి. నేను మీ చేతుల గురించి రాయట్లేదుగా, నోటి గురించి రాస్తున్నా.

అత్తగారికి కోపం వస్తుందా? రానీండి. తద్దినానికి సూపు ఇంకో గరిటె వేస్తా…

అది నిజమే. ఆఫీసమ్మాయి కూడా అనొచ్చు, ఈవిడ యాభై ఏళ్ళుగా నార ముట్టలేదు, ఏ జాబితాలోనూ లేదు అని. మార్కులు తగ్గొచ్చు. అత్తగారి పేరైతే పాతకాలంది, గొప్పగా ఉండేది. తెలుసు… తెలుసండీ. కానీ పరీక్షరోజు ఐదుగురు పెద్దమనుషులు నా ఎదురుగా కూర్చుని నా నోటికేసి చూస్తుంటారు. ఎడమ ఎందుకమ్మా అంటే ఏం చెప్పను? అబద్ధం చెప్తూ నార చీలిస్తే తెగిపోతుందక్కా. నా సంగతి నాకు తెలుసు.

ఊరుకోండి. మీరు పెద్ద, నేను చిన్న, ఎప్పుడూ మీ మాటే విన్నా. ఇవాళ మీరు వినండి. మీ పేరే రాస్తున్నా.

ఆగండి, కలం… ఇదిగో.

…

…

అక్కా.

మీ పేరేమిటి?

…

నవ్వులాట కాదు. నిజంగా. మీ పేరేమిటండీ. నా ఫోనులో "పెద్దక్క" అని ఉంది, మనవరాలు ఎక్కించింది. ఊళ్ళో జాంగ్‌హాంగమ్మ అనేవాళ్ళు. మా బావగారు "పిల్లాడి తల్లీ" అనేవారు. నేను పెళ్ళిలో కూడా తల ఎత్తలేదు, ఎవరో చెప్పే ఉంటారు, చెవిన పడలేదు…

నా పేరా? మీకు మాత్రం తెలుసా? చెప్పండి చూద్దాం…

ఊఁ. ఊఁ. అలా నీళ్ళు నమలకండి. మీకూ తెలీదు. అరవై ఏళ్ళ తోడికోడళ్ళం, ఇద్దరమూ ఒకే గుడ్డలు ఉతుక్కున్నాం, ఒకే అత్తగారిని తిట్టుకున్నాం. పేర్లు మాత్రం లేవు మనకి.

పిల్‌లే. ఇమ్ పిల్‌లే. మా నాన్న మగపిల్లాడు పుడతాడనుకుని ముందే ఆలోచించుకున్న పేర్లో సగం ఉంచి, సగం మార్చాడు… బాగుందా? ఎవరూ పిలవలేదు కాబట్టి కొత్తగానే ఉంది ఇంకా.

మీది చెప్పండి.

…

ఏం పర్లేదు, చెప్పండి. ఆఫీసుకే కదా… మొహమాటం దేనికండీ ఎనభై నాలుగేళ్ళకి.

…

బొక్‌డాన్.

గూ బొక్‌డాన్… ఎంత బాగుందీ. ఇంత పేరు పెట్టుకుని పిల్లాడి తల్లీ అంటే పలికారా ఇన్నాళ్ళూ?

రాస్తున్నా. మెల్లగా చెప్పండి, ఒక్కో అక్షరం. "గూ"… ఆ. "బొక్"… కింద ఇంకో గీత ఉంటుంది కదూ… పెట్టా. "డాన్." గడి చిన్నదైంది, చివరిది బయటికొచ్చింది. ఉండనీ.

పుట్టింది?… పాము సంవత్సరం. అంటే వెయ్యి తొమ్మిదివందల నలభై ఒకటి. రాశా.

ఆ… కింద ఇంకో మాట ఉందక్కా. ముందే చెప్తే పారిపోతారని చెప్పలేదు. "నేర్పినవారు జీవించి ఉంటే, పరీక్షనాడు వచ్చి సంతకం చెయ్యాలి."

…

మోకాళ్ళు అందరికీ నొప్పే. రైలెక్కితే కూర్చునేగా రావడం. మీ అమ్మాయి తీసుకొస్తుంది, నేను మాట్లాడతా దానితో… జుట్టుకి రంగు లేకపోతే ఏం? నాకూ లేదు. ఇద్దరం పిండిబస్తాల్లా పక్కపక్కన కూర్చుందాం…

బావగారు పోయిన తరవాత మీరు ఈ ఊరు రాలేదు, తెలుసు. ఎవరూ ఏమీ అనరు. అన్నవాళ్ళంతా పోయారు. నేనూ, ఆ కళ్ళులేనావిడా మిగిలాం. ఆవిడ మిమ్మల్ని చూళ్ళేదుగా ఎలాగూ.

చేపకంపు వస్తే హుయెన్‌కి ఇష్టమే. వాళ్ళూళ్ళో చేపలెక్కువట.

…

…

వస్తారా?

…

ఊఁ అన్నారా, లేక దగ్గారా?… ఊఁ అన్నారు. విన్నా. ఇక వెనక్కి తీసుకోడానికి లేదు.

బయట హారను… ఊరిపెద్ద. లారీతో వచ్చాడు, కాయితం ఆఫీసులో ఇచ్చేస్తానన్నాడు. ఐదయిపోయింది… వస్తున్నా నాయనా, చెప్పులేసుకుంటున్నా… అక్కా, మిమ్మల్ని కాదు.

ఉంటానండీ మరి. కాస్త గట్టిగా తినండి, ఒట్టి నూడుల్సు మానండి.

బొక్‌డాన్ అక్కా…

…

ఏం లేదు. ఊరికే. పిలిచి చూశా.