మూడో గ్లాసు

ఖతార్‌లోని అల్ ఖోర్‌లో ఒక ఫ్లాటు. గురువారం సాయంత్రం భర్త పనిచేసే కంపెనీ మేనేజరు భోజనానికి వస్తున్నాడు. భర్త బల్ల మీద ఇటలీ రెడ్ వైన్ సీసా, రెండు గ్లాసులు పెట్టాడు. భార్య పొయ్యి దగ్గర ఉంది.

“గోంగూర మటన్ వండావేంటి? ఈ వైన్‌కి పాస్తా, చీజ్, కాల్చిన మాంసం బావుంటాయని సీసా మీదే ఉంది. పాస్తా ఆర్డర్ చేస్తాను.”

“చెయ్యకండి. పాస్తాలో టమాటా పులుపుకి నప్పిన వైన్ గోంగూర పులుపుకి నప్పదా? మటన్ మాంసం కాదా?”

“కారం సంగతో?”

“తగ్గించాను. పొద్దున కూరతో రెండు గుక్కలు తాగి చూశాను.”

“అందుకేనా సీసా వెలితిగా ఉంది?”

“అందుకే. రుచి చూడకుండా నేనెవరికీ ఏదీ పెట్టను.”

“సరే, సార్ ముందు మాత్రం ముట్టుకోకు. నీకు పెప్సీ తెచ్చాను. నువ్వు తాగావని రేపు శుక్రవారం ప్రార్థనకి వెళ్ళి చర్చిలో పదిమందికీ చెప్తాడు.”

“తను తాగిన సంగతి కూడా చెప్తారా?”

“మగాళ్ళ సంగతి వేరు.”

“అయితే పెప్సీ మీరే తాగండి. మూడో గ్లాసు పెట్టండి.”

“నా ఇంట్లో నా మాటకి విలువ లేదా?”

“ఇక్కడ మందు కొనే పర్మిట్‌కి మీ కొత్త కంపెనీ మీకింకా లెటరే ఇవ్వలేదు. హాస్పిటల్లో డ్యూటీ దిగి, ఆ యూనిఫాంతోనే షాపుకెళ్ళి, నా పర్మిట్ మీద ఈ సీసా కొన్నది నేను.”

“బెల్ మోగుతోంది. ఆయనకి ఏం చెప్పమంటావు?”

“ముందు తలుపు తియ్యండి. వైన్ ఎవరు తెచ్చారని అడిగితే, మా ఆవిడేనని చెప్పండి.”