డ్రైవరుగారి దీవెనలు

సాయంత్రం. పరాయి దేశంలో సిటీబస్సు తోలే డ్రైవరు డ్యూటీ దిగొచ్చాడు. వంటింట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి, చేతికి గిన్నెమూత ఇచ్చింది భార్య.

"అది మూత కాదు, స్టీరింగ్ అనుకోండి. ఇదిగో, నేను స్కూటరేసుకుని అడ్డం వచ్చేశాను. ఏమంటారు?"

"ఏమంటాను... నీ..."

"ఆ?"

"నీ..."

"మింగండి. అది మింగేసి, నేను నేర్పింది అనండి."

"క్యాబేజీ."

"పళ్లు కొరక్కుండా."

"క్యాబేజీ అని తిట్టుకునేవాళ్లు ఉన్నారంటే నేను నమ్మనే."

"ఎందుకు లేరు? నేను పనిచేసే హోటల్ లాండ్రీలో ఇటలీ ఆవిడ ఇస్త్రీపెట్టె తగిలి చెయ్యి కాలితే అదే అంటుంది. పోలండు పిల్ల కోడిపిల్ల అంటుంది. ఫ్రెంచావిడ బుధవారం అంటుంది."

"చెయ్యి కాలితే బుధవారమా?"

"అసలు మాట నాలిక చివరిదాకా వచ్చాక పక్కదారి పట్టిస్తారన్నమాట. ఇంగ్లీషావిడైతే పంచదార అంటుంది."

"తిట్లు నేర్పిస్తున్నావా, సరుకులు తెమ్మంటున్నావా?"

"ఎగతాళి తర్వాత. మీ నోటి మీద అన్ని ఫిర్యాదులొచ్చాయా. రేపు మన భాష వచ్చిన ఇన్‌స్పెక్టర్ మీ పక్కనే కూర్చుంటాడు. ఒక్క బూతు వినపడిందా, ఇంక డిపోలో బస్సులు కడుక్కోడమే అన్నారు. మర్చిపోయారా?"

"మర్చిపోతానా? బస్సు తోలడం తప్ప నాకేం వచ్చని. భయంగా ఉందే."

"అందుకే, మళ్లీ. గ్రీన్ లైట్ పడింది. ముందు కారువాడు కదలడు, ఫోన్ చూసుకుంటున్నాడు."

"కోడిపిల్లా!"

"పక్కింటివాళ్లు కిటికీ వేసేసుకున్నారు. పాపం, కోడిపిల్లని కూడా బూతు చేసేశారు."

"మాటలో లేదే, నా గొంతులోనే ఉంది. ఏం చెయ్యమంటావు?"

"నన్ను చూసి నేర్చుకోండి. పెళ్లయిన దగ్గర్నుంచీ నా నోట ఒక్క తిట్టు విన్నారా?"

"లేదు. తడి తువ్వాలు మంచం మీదేసినా 'మహానుభావా' అనే అంటావు... ఆగాగు."

"ఏంటి?"

"ఆ మహానుభావా... అది దేనికి బదులే?"

"కారువాడింకా కదల్లేదు. రోడ్డు చూడండి."

"చెప్పవే."

"పాఠం మీకు, నాకు కాదు. పోనీ, మన మాటే అందాం. 'ఓరి నీ ఇల్లు బంగారం గాను.' ఏదీ?"

"ఓరి నీ ఇల్లు బంగారం గాను."

"వాడి ఇల్లు తగలబెట్టేలా ఉన్నారు. కాస్త మెల్లగా."

"నా వల్ల కాదే. అయినా నువ్వేంటి, పనిగట్టుకుని ఆ ఆడాళ్లందరి తిట్లూ అడిగి తెచ్చావా?"

"నేనడగలేదు. వాళ్లే చెప్పారు."

"ఊరికే?"

"ఊరికే ఎందుకు చెప్తారు. మొన్నామధ్య మీ బస్సెక్కాం. నేనూ, వాళ్లు నలుగురూ."

"నా బస్సా? నేను చూళ్లేదే."

"వెనక సీట్లో కూర్చున్నాం. ఇది మా ఆయన తోలే బస్సు అని గొప్పగా చెప్పి ఎక్కించాను. మలుపు దగ్గర లారీవాడు అడ్డొచ్చాడు. మీరు మొదలెట్టారు. మేం దిగేదాకా ఆపితే ఒట్టు."

"అయ్యో."

"మీ ఆయన ఏమంటున్నాడని అడిగారు. మన భాష రాదుగా వాళ్లకి."

"ఏం చెప్పావు?"

"అందరి ఇళ్లూ బంగారం కావాలని దీవిస్తున్నాడన్నాను."

"నమ్మారా?"

"మాట తెలియకపోతే మాత్రం, గొంతు తెలీదా? ఇటలీ ఆవిడ నా మొహం చూసి, మా ఆయనా అంతే, క్యాబేజీ అని దీవిస్తాడు అంది. ఇంక తలా ఒకటి అందుకున్నారు. నా పరువు దక్కించడానికే."

"సిగ్గుపడ్డావా?"

"ఏడుపొచ్చింది. నవ్వేశాను. రేపు మళ్లీ మీ బస్సే ఎక్కుతున్నారు, నాకు తోడుగా."

"నువ్వూ వస్తున్నావా?"

"సెలవు పెట్టాను. మీకు మాట జారబోతే అద్దంలో నన్ను చూసుకోండి. వెనక సీట్లోనే ఉంటాను."

"అంత జరిగాక కూడా, మళ్లీ నా బస్సే ఎక్కుతావా? ఓసి... నీ ఇల్లు బంగారం గాను."

"అదిగో, వచ్చేసింది. రేపు లారీవాడితోనూ అచ్చం అలాగే అనండి, మహానుభావా."