కర్రోడి పేరు

పెబ్బేరు సంతకు దగ్గరున్న డీటీపీ షాపులో, ఒక ముసలి రైతు తాను సాకిన ఎడ్ల మీద రాసుకున్న పుస్తకాన్ని టైపు చేయిస్తున్నాడు. ఒక్కో ఎద్దు పేరూ ఒక్కో హెడ్డింగు.

“బిడ్డా, కర్రోని పేరు జర పెద్దగ చెయ్యమంటే అన్ని పేర్లు పెద్దగ చేసినవేంది?”

“నేను చెయ్యలె తాతా. అన్నిటికీ ఒకటే స్టైల్ పెట్టిన. ఒకటి మారిస్తే అన్నీ మారేటట్టు దాంట్ల టిక్కు ఉన్నది. తీసేస్త.”

“తియ్యి. కర్రోడంటే ఉత్త ఎద్దు కాదు. వాగుల బండి కూరుకపోతే మోకాళ్ల మీద గుంజి ఒడ్డుకేసిండు.”

“సూడు, ఇప్పుడు కర్రోడొక్కడే పెరిగిండు.”

ముసలాయన ముఖం వెలిగింది. అంతలోనే చూపు కింది హెడ్డింగు మీద ఆగింది.

“గా చిన్నగున్న పేరు ఎవనిది? కండ్లకు ఆనుతలేదు.”

“మైలోనిది. కర్రోని జోడే అంటివి గద.”

“పదకొండేండ్లు ఒక్కటే కాడి మోసిండ్రు. గిట్ల ఒకడు పెద్దగ, ఒకడు చిన్నగుంటే కాడి ఒరుగుతది బిడ్డా. ఆ టిక్కు మల్ల పెట్టు.”

“అన్నీ పెద్దగైతయి తాతా. పేజీలు పెరుగుతయి.”

“పెరగనీ. నా ఎడ్లల్ల గుంజనోడు ఎవడున్నడు?”